మాత్ర రాత్రిది, మత్తు పగటిది

ప్రశ్న: డాక్టరు గారూ, గుంటూరు మిర్చి యార్డు దగ్గర ట్రాలీ ఆటో నడుపుతాను. ఘాటుకి ఒకటే తుమ్ములు. షాపులో ఇచ్చిన క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర రాత్రిపూట వేసుకుంటున్నాను. పగలు నిద్రేమీ రాదు గానీ, మొన్న రివర్స్ తీస్తూ గోడని గుద్దాను. మాత్ర వల్లేనా?
– ఒక డ్రైవర్, గుంటూరు

జవాబు: కావచ్చు. తుమ్ములు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనం మెదడులో మనల్ని మెలకువగా ఉంచే పని కూడా చేస్తుంది. ఈ పాతరకం మాత్ర మెదడులోకీ వెళ్లి దాన్ని అడ్డుకుంటుంది. తెల్లారేసరికి దిగిపోదు, ఒంట్లో సగం మందు తగ్గడానికే చాలామందికి 20 గంటల దాకా పడుతుంది. కళ్లు మూతలు పడకపోయినా, కాలు బ్రేకు మీదకి ఆలస్యంగా వెళ్తుంది. అద్దంలో దూరం అంచనా తప్పుతుంది. మీకు తెలియలేదు, గోడకి తెలిసింది!

నవ్వుతున్నానని అనుకోకండి. నేనూ ఒకసారి జలుబు మాత్ర వేసుకుని ఓపీలో కూర్చున్నాను. ఒకే పెద్దావిడకి రెండుసార్లు బీపీ చూశాను. "ఇందాకే చూశారు కదయ్యా" అందావిడ.

డ్రైవింగ్ చేసేవాళ్లకి నేను ఎక్కువగా రాసేది ఫెక్సోఫెనడిన్. మెదడులోకి దాదాపు వెళ్లదు. డాక్టర్ని అడిగి మార్చుకోండి. మంచినీళ్లతోనే వేసుకోండి, పళ్లరసంతో వేసుకుంటే సరిగ్గా పనిచేయదు. తుమ్ములకి వాడే ఇంకో మాత్ర సెట్రిజిన్ కొందరికి మత్తుగానే ఉంటుంది. జలుబు మాత్రల్లో చాలావాటిలో ఈ క్లోర్‌ఫెనిరమినే ఉంటుంది, అట్ట మీద పేరు చదవండి. మద్యం తాగిన రాత్రి ఈ మాత్ర అసలు వద్దు.

యార్డులో మాస్క్ కట్టుకోండి. తుమ్ములతో పాటు పిల్లికూతలు, ఆయాసం ఉంటే మాత్రలతో సరిపెట్టక ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించుకోండి.