గాలివానలో డాబా కారితే

బుజ్జీ,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగింది ఒక్కటే, "మావయ్యా, మళ్లీ కారితే ఏం పెట్టి మూయాలి?" అని. వాన కురుస్తుండగా ఏం పెట్టినా మూతపడదమ్మా. తడి మీద టేపు అంటుకోదు, సిమెంటు పూస్తే కడుక్కుపోతుంది, షాపువాడు అంటగట్టే, కారడం ఆపే డబ్బా మందేమో ఆరిన స్లాబు మీద రాయాల్సినది. ఆ రాత్రికి మన పనల్లా నీళ్లు ఎక్కడ పడాలో మనం తేల్చడం, మనుషుల్ని వాటికి ఎడంగా ఉంచడం. మూయడం సంగతి ఎండ కాశాక చూసుకోవచ్చు. ఇళ్లు కట్టించే పనిలో తల నెరిసినవాణ్ని కనక చెబుతున్నా, తుఫాను నడుమ రిపేరుకి దిగినవాళ్లకే ఎక్కువ దెబ్బలు తగులుతాయి.

అన్నిటికంటే ముందు కరెంటు. బక్కెట్టు కోసం పరుగెత్తే ముందు ఒకసారి పైకి చూడు. వైర్ల పైపుల్ని స్లాబు పోసేటప్పుడే అందులో వేసేస్తారు. పైన పగుల్లోంచి దిగిన నీళ్లు ఆ పైపులో చేరి, దాని వెంబడే పోయి, లైటు దగ్గరో ఫ్యాను కొక్కెం దగ్గరో బయటపడతాయి. మీ హాల్లో సరిగ్గా ఫ్యాను రాడ్డు మీంచి కారడానికి కారణం అదే అయ్యుంటుంది. అలాంటప్పుడు బోర్డులో ఆ ఒక్క గది స్విచ్ (ఎంసీబీ) దించి ఊరుకోకు, మెయినే దించెయ్. చేతులు తుడుచుకుని, పొడి చెప్పులు వేసుకుని దించు. మెయిన్ బోర్డు తడిసి ఉన్నా, దాని కింద నీళ్లు నిలిచినా అసలు ముట్టుకోవద్దు, కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేసి లైను ఆపించు. చాలామందికి తట్టని సంగతి ఇంకోటుంది. మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుంటుంది. ఫ్యాన్లూ లైట్లూ దాని మీదే కదా ఉండేవి! కరెంటు పోయిందన్న ధీమాతో తడి గోడ మీద చెయ్యి వేస్తే అంతే సంగతులు. కాబట్టి ఇన్వర్టర్ని కూడా దాని స్విచ్ దగ్గరే ఆపెయ్యాలి. చీకట్లో గడపడానికి టార్చి ఉంది, టెన్షన్ పడకు.

ఇక నీళ్ల సంగతి. చుక్క పడేచోట ఉత్త బక్కెట్టు పెడితే చుట్టూ చిమ్మి గదంతా చిత్తడవుతుంది. అడుగున పాత తువ్వాలు ఒకటి పడెయ్యి. దానికంటే మంచి ఉపాయం పురికొస. కారేచోట కొక్కెమో మేకో ఉంటే, కరెంటు ఆపేశాక మాత్రమే సుమా, దానికి పురికొస కట్టి రెండో కొసకి బరువుగా ఒక పాత తాళంకప్ప కట్టి బక్కెట్టులోకి వదులు. కట్టే ముందు పురికొసని నీళ్లలో బాగా ముంచి తియ్యి, పొడిగా ఉంటే నీళ్లు దాన్ని పట్టుకోవు. తడి తాడయితే చుక్క చప్పుడు లేకుండా దాని వెంటే జారిపోతుంది. టప్ టప్ శబ్దం లేకపోతే పిల్లాడూ నిద్రపోతాడు. నాలుగైదు చోట్ల కారుతుంటే ఇన్ని బక్కెట్లు ఎక్కడ తెస్తావు? బరకం మూడు మూలలు ఎత్తులో కిటికీ ఊచలకీ బీరువాకీ కట్టి, నాలుగో మూల టబ్బులోకి వంచు. వాటం బాగా ఇవ్వాలి. బరకం మధ్యలో నీళ్లు నిలిచాయంటే ఆ బరువుకి మొత్తం ఊడి మీద పడుతుంది.

సీలింగు రంగు బుడగలా ఉబ్బితే అందులో నీళ్లున్నట్టే. దానంతటది పగిలితే ఏ మంచం మీదో పడుతుంది. కింద బక్కెట్టు పెట్టి, పక్కకి నిలబడి, చీపురుకర్ర కొసకి మేకు కట్టి చిన్న చిల్లు పొడువు. పడగ్గదిలో మీరు ముచ్చటపడి చేయించుకున్న ఫాల్స్ సీలింగ్ విషయంలో మాత్రం ఇంకా జాగ్రత్త. జిప్సం బోర్డు నీళ్లు తాగి బరువెక్కి, పలకకి పలక ఊడి వస్తుంది. కొంచెమే పొట్ట దిగితే పల్లంగా ఉన్నచోట అదే కర్రతో గుమ్మంలోంచి చిల్లు పెట్టు. బాగా దిగిపోయిందా, ఏమీ చెయ్యొద్దు. తలుపు మూసి వేరే గదిలో పడుకోండి. స్లాబు పెచ్చులు రాలినా, చువ్వలు బయటపడినా, పగులు పెద్దదవుతున్నట్టు కనిపించినా అంతే, ఆ గది ఖాళీ చెయ్యాలి. సముద్రపు ఉప్పుగాలికి మన కాకినాడ వైపు పాత ఇళ్ల చువ్వలు లోపలే తుప్పుపట్టి ఉంటాయి.

అల్లుడుగారికి చెప్పు, లుంగీ ఎగ్గట్టి డాబా ఎక్కొద్దని. ఎందుకు ఎక్కాలనిపిస్తుందో నాకు తెలుసు. చాలా ఇళ్లలో అసలు దొంగ పగులు కాదు, తూము. వేపాకులూ పాలిథిన్ కవర్లూ పావురాల ఈకలూ జాలీకి అడ్డుపడితే నీళ్లన్నీ పైనే నిలిచిపోతాయి. 600 చదరపు అడుగుల డాబా మీద నాలుగంగుళాల నీళ్లంటే ఐదున్నర టన్నుల పైచిలుకు బరువు. మామూలు వానకి బయటపడని సన్న పగులు కూడా అప్పుడు కారుతుంది. తూము తీస్తే చాలావరకు తగ్గుతుంది, నిజమే. కానీ అది గాలి మొదలవకముందు చెయ్యాల్సిన పని. ఎవరి రేకులు ఎటు ఎగురుతున్నాయో తెలియనప్పుడు, పిడుగులు పడుతున్నప్పుడు చేసేది కాదు. గాలి ఆగింది కదా అని కూడా ఎక్కొద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మధ్యలో కాసేపు అంతా నిలిచిపోయింది. తుఫాను కన్ను ఊరి మీంచి పోతోందన్నమాట. అయిపోయిందిలే అనుకునేలోపే రెండో వైపు నుంచి గాలి అందుకుంది. తుఫాను పూర్తిగా దాటిందని వాతావరణ శాఖ చెప్పేదాకా కిందే ఉండండి.

కారేదంతా స్లాబులోంచే అనుకోకు. గాలివానకి జల్లు అడ్డంగా కొడుతుంది. గోడకీ స్లాబుకీ అతుకు దగ్గర చారలు దిగితే పిట్టగోడ మొదలుని అనుమానించు, కిటికీ నెత్తి మీంచి దిగితే సన్‌షేడ్‌ని. వాన వెలిసి చాలాసేపయినా ఒకే ధారగా కారుతుంటే ట్యాంకు పైపు చూసుకోవాలి. కారినచోటల్లా పెన్సిల్‌తో చుట్టూ గీసి టైము వేసి పెట్టు. మేస్త్రీ వచ్చేసరికి అంతా ఆరిపోతుంది, అప్పుడు ఆయన తోచినచోట తవ్వుతాడు.

మీ అత్తగారి ఊళ్లో పెంకుటిల్లు గురించి కూడా అడిగావు. అక్కడ లోపల్నుంచే కొంత చెయ్యొచ్చు. గాలి మరీ ఎక్కువ లేకపోతే, వాసాల దాకా నిచ్చెన వేసుకుని, పగిలిన పెంకు చోట ఎరువుల బస్తా లోపలి ప్లాస్టిక్ ముక్క దూర్చాలి. ఎగువ కొస పై పెంకు కిందికి, దిగువ కొస కింది పెంకు మీదికి రావాలి. తిరగేసి పెడితే నీళ్లన్నీ ఇంట్లోకే. పశువుల పాకకి వేసిన సిమెంటు రేకుల మీద మాత్రం ఎవ్వరూ కాలు పెట్టకూడదు, ఎండలో కూడా. రేకులు దడదడలాడుతుంటే ఆ పెద్దావిణ్ని ముందే స్కూలు బిల్డింగుకి పంపించెయ్యండి.

తెల్లారాక తుడిచే ముందు ఫోటోలు తియ్యి. ఇన్సూరెన్సుకైనా, నష్టం రాసుకోవడానికి వచ్చే సచివాలయం వాళ్లకైనా పనికొస్తాయి. ఎలక్ట్రీషియన్ చూడకుండా తడిసిన ఫ్యాను తిప్పొద్దు. డబ్బా మందు పట్టుకుని వచ్చిన మేస్త్రీ వెంటనే రాసేద్దామంటాడు, ఒప్పుకోవద్దు. స్లాబు బాగా ఆరాక తూములు గుడ్డలతో బిగించి, రెండంగుళాల నీళ్లు ఒక రోజంతా కట్టి చూస్తే అసలు చోటు తెలుస్తుంది. అప్పటికి నేనూ వస్తాను. ఈలోగా మెట్ల పక్క తూము దగ్గరున్న ఆ పూలకుండీలు జరిపించు.

మీ మావయ్య