సైన్ సూత్రంతో నాకు ఒక్క కోణమే వచ్చింది, పుస్తకంలో రెండు జవాబులు ఎందుకున్నాయి?

మీరడిగిన లెక్క ఇది: ఏబీసీ త్రిభుజంలో ‘ఏ’ దగ్గరి కోణం 40°, దాని ఎదుటి భుజం బీసీ 7 సెం.మీ., ఏసీ 10 సెం.మీ. బి కోణం ఎంత? సైన్ సూత్రంతో (భుజాన్ని దాని ఎదుటి కోణం సైన్‌తో భాగిస్తే మూడు భుజాలకూ ఒకే విలువ వస్తుందనేది) మీకు 66.7° వచ్చింది, పుస్తకంలో 113.3° కూడా ఉంది. మీ గుణకారాల్లో, భాగహారాల్లో తప్పేమీ లేదు. సగం దారిలో ఆగారు, అంతే.

కాలిక్యులేటర్ కాసేపు పక్కన పెట్టి కంపాస్ తీయండి. అడ్డంగా ఓ పొడవాటి గీత గీసి ఎడమ కొసన ఏ అని రాయండి. అక్కడ 40° కోణం పెట్టి, ఆ వాలు గీత మీద 10 సెం.మీ. కొలిస్తే సి దొరుకుతుంది. ఇప్పుడు కంపాస్‌ను 7 సెం.మీ. తెరిచి, ముల్లు సి మీద ఆనించి చాపం గీయండి. అది కింది గీతను రెండు చోట్ల ఖండిస్తుంది: ఏ నుంచి 4.9 సెం.మీ. దగ్గర ఒకసారి, 10.4 సెం.మీ. దగ్గర ఇంకోసారి. బి అన్న పేరు ఈ రెండింట్లో దేనికి పెట్టినా మీకిచ్చిన మూడు కొలతలూ అతికినట్టు సరిపోతాయి. దూరంగా ఉన్న బిందువు దగ్గర కోణం 66.7°. ఈ రెండు బిందువులనూ సి తో కలిపితే సమద్విబాహు త్రిభుజం కదా, కాబట్టి దగ్గరి బిందువు వద్ద దాని లోపలి కోణమూ 66.7°. ‘ఏ’ వైపు మిగిలేది 113.3°. పుస్తకంలోని రెండో జవాబు అదే.

ఎప్పుడూ రెండు రావు. సి నుంచి కింది గీతకు లంబం దించితే దాని పొడవు 10 × సైన్ 40°, అంటే 6.43. మీ 7 దానికంటే పెద్దది, 10 కంటే చిన్నది, అందుకే రెండు. కంపాస్‌ను 6కే తెరిస్తే చాపం గీతను అందుకోనే అందుకోదు. 12కు తెరిస్తే ఒక ఖండన బిందువు ఏ కి అవతల పడుతుంది, అక్కడ ‘ఏ’ దగ్గరి కోణం 40° బదులు 140° అయిపోతుంది కాబట్టి దాన్ని వదిలేయాలి.

నాకు దెబ్బ తగిలింది మాత్రం ఇలాంటి లెక్కలో కాదు, అసలు రెండు జవాబులకు ఆస్కారమే లేని చోట. చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో 5, 7, 11 భుజాలిచ్చి మూడు కోణాలూ అడిగారు. కొసైన్ సూత్రంతో (ఒక భుజం వర్గం = మిగతా రెండు భుజాల వర్గాల మొత్తం − 2 × ఆ రెండు భుజాల లబ్ధం × మొదటి భుజం ఎదుటి కోణం కొసైన్) 5కు ఎదుటి కోణం కట్టాను, 19.7° వచ్చింది. సరైనదే. మళ్లీ అంత పొడుగు లెక్క ఎందుకులే అని 11కు ఎదుటి కోణానికి సైన్ సూత్రం వాడాను. దాని సైన్ 0.741 వచ్చింది, సైన్ ఇన్వర్స్ నొక్కితే 47.8°. మిగిలింది 180 లోంచి తీసేస్తే 112.5°. మూడూ కలిపితే 180 వస్తోంది (రాక ఏం చేస్తుంది, నేనే తీసివేశాను కదా!), ధీమాగా పేపరిచ్చి వచ్చేశాను. దిద్దినాయన 11 కింద ఒక గీత, 47.8 కింద ఒక గీత గీసి సున్నా వేశాడు. అన్నిటికంటే పెద్ద భుజం ఎదుట 47.8°, దానికంటే చిన్నదైన 7 ఎదుట 112.5° ఎలా ఉంటాయి? సరైనవి 132.2°, 28.1°.

కిటుకంతా ఇక్కడే ఉంది. 47.8° కీ 132.2° కీ సైన్ ఒకటే. కాలిక్యులేటర్ ఎప్పుడూ అల్పకోణాన్నే (90° లోపుది) చూపిస్తుంది, అధికకోణం (90° దాటినది) సంగతి మనమే గుర్తుపెట్టుకోవాలి. కొసైన్‌తో ఆ బాధ లేదు: అధికకోణమైతే రుణ సంఖ్య వచ్చి తానే చెప్పేస్తుంది. రుణ సంఖ్యలు వాడుకలో లేని కాలంలో యూక్లిడ్ ఇదే సంగతిని రెండు ప్రతిపాదనలుగా విడగొట్టి చెప్పాల్సి వచ్చింది, తన ‘ఎలిమెంట్స్’ గ్రంథం రెండో భాగంలో 12వది అధికకోణానికి, 13వది అల్పకోణానికి. మనకు ఒక్క మైనస్ గుర్తు ఆ పని చేసిపెడుతోంది.

అప్పట్నుంచీ మూడు భుజాలిస్తే కొసైన్‌తో పెద్ద భుజం ఎదుటి కోణమే ముందు కడతాను. ఆపైన మిగిలిన రెండూ అల్పకోణాలే కాబట్టి సైన్ వాడినా భయం లేదు. రెండు కోణాలు, ఒక భుజం ఇస్తే ఏ సందేహమూ లేదు, నేరుగా సైన్ సూత్రమే.

మీ లెక్కను కూడా కొసైన్ సూత్రంతో చేసి చూడండి. 49 = 100 + ఏబీ² − 20 × ఏబీ × కాస్ 40° అని రాసి సర్దితే ఏబీ² − 15.32 ఏబీ + 51 = 0 అనే వర్గ సమీకరణం వస్తుంది. మూలాలు 10.43, 4.89. మీ కంపాస్ గీత మీద చూపించినవే!

ఇంకొక్క మాట. ఇదే లెక్కలో కాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తే "త్రిభుజమే లేదు" అని రాసేయకండి. రేడియన్ మోడ్‌లో ఉంటే సైన్ 40 విలువ 0.745 అవుతుంది, దాన్ని 10తో గుణించి 7తో భాగిస్తే 1 దాటిపోతుంది, సైన్ ఇన్వర్స్ పనిచేయదు. ముందు సైన్ 30 నొక్కి చూడండి: 0.5 వస్తే సరే, −0.988 వస్తే మోడ్ మార్చండి.