కళ్లజోడులో బతుకమ్మ ఆడొచ్చు, కోలాటం వద్దు

బిడ్డా,

డాలస్‌లో మీరు నలుగురైదుగురు, కళ్లను పూర్తిగా కప్పేసి కళ్ల ముందు బొమ్మల లోకాన్ని చూపించే వీఆర్ కళ్లజోళ్లు పెట్టుకుని బతుకమ్మ, కోలాటం రెండూ ఆడదామనుకుంటున్నారని, ఇక్కడ హనుమకొండ నుంచి మేమూ కలవాలని రాశావు. బతుకమ్మ ఆడొచ్చు, కోలాటం మాత్రం వద్దు. ఎందుకో చెప్తాను.

కోలాటంలో లయ చెవిలోనే కాదు, మణికట్టులోనూ ఉంటుంది. ఎదుటామె కోల నా కోలకు తగిలిన అదురు చేతికి తెలిస్తేనే తర్వాతి అడుగు పడుతుంది. కళ్లజోడులో ఆ కోలలు ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోతాయి. పోనీ నిజం కోలలే పట్టుకుందామంటే, కళ్లు మూసి ఉన్న మనిషి చేతిలో కర్ర ఎంత ప్రమాదం! జడకోలాటమైతే చెప్పనే అక్కర్లేదు, పైనుంచి వేలాడే తాళ్ల బిగువే ఆ ఆటను నడిపిస్తుంది. కోలాటం అక్కడే ఏదైనా హాల్లో, ఎదురెదురుగా నిలబడి ఆడుకోండి.

బతుకమ్మ అలా కాదు. ఒకరినొకరు తాకే పని లేదు. అందరి చూపూ నడుమ ఉన్న పూల మీదే. ఒకామె చరణం చెప్తుంది, మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. అంత దూరం నుంచైనా కలవగల ఆట ఇది. చిక్కల్లా పాటతోనే. కరోనా ఏడాది వీడియో కాల్‌లో ఆడించినప్పుడు చూశాను. అందరి మైకులూ తెరిచి ఉంటే ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల గొంతు కోసం ఒక్క క్షణం ఆగుతారు, వాళ్లు మళ్లీ వీళ్ల కోసం ఆగుతారు, నాలుగు చరణాలయ్యేసరికి పాట సాగిపోయి ఊపంతా పోతుంది. అది ఎవరి తప్పూ కాదు. హైదరాబాదు నుంచి డాలస్‌కు దాదాపు 14,000 కిలోమీటర్లు. ఫైబర్ తీగలో వెలుగు తిన్నగా ప్రయాణించినా 70 మిల్లీసెకన్లు పడుతుంది, నిజానికి అంతకన్నా ఎక్కువే. కలిసి పాడేవాళ్లకు 30 దాటితేనే తాళం తప్పడం మొదలవుతుంది.

అందుకని నేను ఇక్కడ పాడి రికార్డు చేసి పంపుతాను. అందరి దగ్గరా అదే పాట ఒకేసారి మొదలయ్యేలా చూడండి, మైకులు మూసి ఎవరింట్లో వాళ్లు గొంతెత్తి అందుకోండి. పక్కామె చెయ్యి ఒక రెప్పపాటు ఆలస్యంగా కనిపించినా బతుకమ్మలో ఇబ్బంది లేదు.

కళ్లజోడుతో పాటు వచ్చే రిమోట్లు చేతుల్లో పట్టుకోవద్దు, చప్పట్లు కొట్టలేరు. ఉత్త చేతుల్నే గుర్తుపట్టేలా సెట్ చేసుకోండి. రెండు అరచేతులూ కలిసినప్పుడు కెమెరా తికమకపడి, తెరలో కనిపించే మీ బొమ్మ చేతులు వంకరపోతుంటాయి. పట్టించుకోకండి. చప్పట్లు నిజంగా మోగడం ముఖ్యం.

ఇంకో సంగతి. సెకండ్ లైఫ్ అనే కంప్యూటర్ బొమ్మల లోకం లాంటి చోట్ల తెర మీద ఒక బంతిని నొక్కితే అందరి బొమ్మలూ ఒక్కలాగే ఆడతాయి, మనిషి మాత్రం కుర్చీలోనే ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతే అయినా నాకు నచ్చదు. నడుం వంగాలి, కాలు కదలాలి. లేకపోతే నీ కూతురికి ఆ అడుగు ఎన్నటికీ రాదు.

కాబట్టి బటన్‌తో తిరగొద్దు, ఒళ్లు కదలకుండా కళ్ల ముందు లోకం తిరిగితే వాంతి వచ్చినట్టవుతుంది. గ్యారేజీ ఖాళీ చేసి నడుమ నిజం బతుకమ్మనే పెట్టు. గది కనిపించేలా పెట్టుకునే వీలున్న కళ్లజోడైతే ఆ పూలు నీకు కనపడతాయి. దాని చుట్టూ రెండు మీటర్ల వెడల్పున్న గుండ్రం గీయి. ఆ గీత చుట్టుకొలత ఆరు మీటర్ల పైచిలుకు, తెరలో ఐదుగురు కలిసి ఆడితే తలా మీటరుంబావు వస్తుంది. అంతకు మించి మనుషుల్ని చేర్చకు. ఎవరింట్లో వాళ్లు తమ బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే, తెరలో అందరూ ఒకే బతుకమ్మ చుట్టూ ఉన్నట్టు కుదర్చమని మీ ఆయనకు చెప్పు. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి, కళ్లజోడు పెట్టుకుంటే కింద సరిగా కనపడదు. తంగేడు, గునుగు దొరక్కపోతే బంతి, చామంతి పేర్చండి.

టైం గురించి టెన్షన్ పడకు. మీకు రాత్రి 8 అయితే మాకు తెల్లారి 6:30. ఆ వేళకు మేం పూలు ముందేసుకుని పేర్చుతూ ఉంటాం. మీరు ఆడండి, మేం పేర్చుకుంటూ చూస్తాం.

ఆట అవగానే కళ్లజోళ్లు తీసేసి మామూలు వీడియో కాల్‌లోకి రండి. సత్తుపిండి తింటూ కాసేపు మాట్లాడుకోకపోతే అది సగం బతుకమ్మే. మొదటి రోజైన ఎంగిలిపూల నాటికి పాటలు పంపుతాను. మీ పిల్లల అడుగుకు ఏ వేగం సరిపోతుందో ముందే చెప్పు, దాన్ని బట్టే పాడతాను.

మీ పెద్దమ్మ