ఇథనాల్ ఫ్యాక్టరీ వస్తే మా ఊరి బోర్లలో నీళ్లు మిగులుతాయా?

మీ ఊరి పొలిమేరలో రోజుకు లక్ష లీటర్ల ఇథనాల్ (పెట్రోలులో కలిపే ఆల్కహాల్) తీసే ఫ్యాక్టరీ కడుతున్నారని, దానివల్ల బోర్లు ఎండిపోతాయా, నీళ్లు పాడవుతాయా అని అడిగారు. బియ్యం, మొక్కజొన్నల నుంచి ఇథనాల్ తీసే డిస్టిలరీ ల్యాబ్‌లో కెమిస్టుగా చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి నాకు తెలిసినంతలో వివరంగా చెబుతాను.

ఇలాంటి ఫ్యాక్టరీలో లీటరు ఇథనాల్‌కు సుమారు 4 లీటర్ల కొత్త నీరు పడుతుంది. ఆ లెక్కన మీ దగ్గర రోజుకు 4 లక్షల లీటర్లు, ఏడాదికి 330 రోజులు నడిస్తే 13 కోట్ల లీటర్లు అవుతాయి. ఒక పంటకు ఎకరం వరికి 48 లక్షల లీటర్లు పడతాయనుకుంటే, ఇది 27 ఎకరాల వరికి సరిపోయే నీరు. వినడానికి తక్కువే అనిపించినా, ఆ నీటినంతా ఒకే ఆవరణలోని నాలుగైదు లోతైన బోర్ల నుంచి, ఎండాకాలంలో కూడా రాత్రింబవళ్లు తోడితే పక్క పొలాల బోర్లు తప్పకుండా దెబ్బతింటాయి. అందుచేత నీటిని నది నుంచి తెస్తారా, భూమిలోంచి తోడతారా అన్నది మీరు ముందుగా తేల్చుకోవాలి.

నీళ్లు పాడవడం గురించి నా ఆందోళన ఇంకా ఎక్కువ. ఆల్కహాల్ తీశాక మిగిలే స్పెంట్ వాష్ వేడిగా, పుల్లటి వాసనతో, కుళ్లే పదార్థంతో నిండి ఉంటుంది. దాన్ని చుక్క కూడా బయటికి వదలకుండా వడగట్టి, ఎవాపరేటర్లలో (నీటిని ఆవిరి చేసే యంత్రాల్లో) చిక్కబరిచి, ఎండబెట్టి పశువుల దాణాగా అమ్మాలి. కాగితం మీద ఇది చక్కగానే ఉంటుంది. అయితే ఎవాపరేటర్ గొట్టాల లోపల పొలుసు కట్టినప్పుడల్లా వాటిని ఆపి కడగాలి, ఆలోగా వచ్చే స్పెంట్ వాష్‌ను ఎక్కడో ఒకచోట నిల్వ చేయాలి. ఉత్పత్తి తగ్గించడానికి యాజమాన్యం ఒప్పుకోక, నిల్వ గుంట నిండిపోయి, ఆ రాత్రే వాన కురిస్తే ఏమవుతుందో నేను చూశాను. కొన్నాళ్లకు వాగు దిగువనున్న ఒక రైతు సీసాలో పట్టి తెచ్చిన బావి నీరు గోధుమరంగులో ఉంది, ఊపితే నురగ కట్టింది. కాబట్టి అదనపు ఎవాపరేటర్ ఉందా, గుంట అడుగున, గోడలకు నీరు ఇంకని షీటు వేశారా అని గట్టిగా అడగండి.

ఇక, మీరు అడగకపోయినా, అసలు నీరంతా ఖర్చయ్యేది పొలంలోనే. టన్ను బియ్యం నుంచి దాదాపు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మీ ఫ్యాక్టరీకి ఏడాదికి 73 వేల టన్నుల బియ్యం, అంటే లక్ష టన్నులకు పైగా వడ్లు కావాలి. ఎకరానికి 24 క్వింటాళ్ల దిగుబడి చొప్పున అది 45 వేల ఎకరాల పంట. ఫ్యాక్టరీ గేటు లోపల వాడే నీరు దీని ముందు లెక్కలోకే రాదు. చెరకు విషయంలోనూ అంతే: లీటరు ఇథనాల్‌కు 2,860 లీటర్ల నీరు పడుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. మిల్లుల్లో ఎలాగూ మిగిలే నూకలను వాడితే నాకు అభ్యంతరం లేదు. కానీ 2024-25లో ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యాన్ని ఇథనాల్‌కు కేటాయించారు. బోర్లతో పండించిన తిండిగింజలను పెట్రోలులో కలపడం, అదీ భూగర్భ జలాలు అడుగంటుతున్న ప్రాంతాల్లో, నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

మొక్కజొన్న వరి కంటే మేలే, దానికి సగం నీరు చాలు. అయితే వానాకాలం పంట వేరు, యాసంగిలో బోర్ల కింద వేసే పంట వేరు. ఫ్యాక్టరీ మంచి ధర ఇస్తే మీ మండలంలో యాసంగి మొక్కజొన్న పెరగక మానదు, ఆ నీరు కూడా మీ బోర్లదే.

ఫ్యాక్టరీ మొదలుకాకముందే ఊళ్లోని బావులు, బోర్ల నీటిమట్టం, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కొలిపించి, తేదీతో సహా పంచాయతీ రికార్డులో రాయించండి. నీటిని గుర్తింపు పొందిన ల్యాబ్‌లోనే పరీక్ష చేయించండి. రేపు నష్టం జరిగితే, ముందు నీళ్లు ఎలా ఉండేవో చూపించే కాగితం మీ చేతిలో ఉండాలి.