లోయ దిగుతుంటే బ్రేకు మెత్తబడింది, ఎందుకు?

ప్రశ్న: కొండల మధ్య లోయలోకి కారులో దిగుతున్నాం. మలుపు మలుపుకీ దృశ్యం బాగుందని బ్రేకు మీద కాలు ఉంచే నెమ్మదిగా వచ్చాం. సగం దారిలో కాలిన వాసన, పెడల్ స్పాంజిలా అయింది. కాసేపు ఆగితే మామూలైంది. ప్యాడ్లు బాగానే ఉన్నాయన్నారు. లోపం ఎక్కడ?

జవాబు: లోపం సగం ఆయిల్‌లో, సగం మీ కాలిలో. కాలు ఆనించే ఉంచితే డిస్కు చల్లారే వ్యవధి ఉండదు, వేడి బ్రేకు ఆయిల్‌కి పాకుతుంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు. ద్రవం అణగదు, ఆవిరి అణుగుతుంది. పెడల్ కిందికి జారిపోయేది అందుకే. చల్లారాక సర్దుకుంది కదా అని ఊరుకోకండి. ఆయిల్ పోసి రెండేళ్లు దాటితే మార్పించి, బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించండి.

దిగుడు మొదలవకముందే సెకండ్ గేర్ వేయండి, ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ అయితే ఎల్ (లో గేర్), లేదా మాన్యువల్ మోడ్. వేగం పెరిగినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, తగ్గగానే పూర్తిగా వదిలేయండి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దొర్లించడం ఉత్త భ్రమ: గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్షన్ ఇంజన్లు చాలామటుకు పెట్రోలే తీసుకోవు.

వాసన వస్తే వెడల్పాటి చోట ఆపి, గేర్‌లో ఉంచి, టైరుకు రాయి అడ్డం పెట్టి అరగంట చల్లారనివ్వండి. నీళ్లు పోస్తే డిస్కు వంకరపోవచ్చు. లోయ చూడ్డానికీ అదే సమయం.