చదువు ముచ్చట్లు: మా యూనివర్సిటీకి రాండ్రి!

ప్రశ్న: కాకతీయ యూనివర్సిటీల బీటెక్ చేసి జర్మనీల కెమ్నిట్స్‌కు ఎమ్మెస్ కోసం వచ్చిన. మా క్లాసుల ఉన్న హనోయి (వియత్నాం) అమ్మాయి వాళ్ల దేశం జూనియర్లను మా యూనివర్సిటీకి రమ్మని పిలుస్తూ ఒక నవ్వుల ప్రసంగం తయారుచేసింది. చలి, ఆదివారం బంద్ ఉండే దుకాణాలు, వంటింట్ల మోగే అలారం, అన్నీ చెప్పి మరీ రమ్మంటది. ఆగస్టుల ఇంటికొచ్చినప్పుడు మన పిల్లలకు నేనూ అట్లనే చెప్పాలనుకుంటున్న. ఎట్ల చెయ్యాలె?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తప్పకుండా చేయండి. కన్సల్టెన్సీ బ్రోచర్ పది చదివినా తెలియని సంగతులు అక్కడ చదువుతున్న సీనియర్ ఒక్క గంటలో చెప్పగలడు. అయితే ఆ అమ్మాయి ప్రసంగాన్నే తెలుగులోకి దించకండి. మీ కెమ్నిట్స్ అప్పట్లో తూర్పు జర్మనీలో ఉండేది. 1980లో తూర్పు జర్మనీ, వియత్నాం ఒప్పందం చేసుకున్నాక వేలమంది వియత్నాం కార్మికులు ఆ ప్రాంతపు ఫ్యాక్టరీలకు వచ్చారు. వాళ్లలో చాలామంది అక్కడే స్థిరపడి కొట్లు, హోటళ్లు పెట్టుకున్నారు. అందుకే 'సందు చివర మన పిన్ని కొట్టు ఉంది, దిగులెందుకు' అని ఆ అమ్మాయి అంటే హనోయి పిల్లలు నమ్ముతారు. మన పిల్లలకు ఆ పిన్ని లేదు. కొట్టు మాత్రం ఉంది: బియ్యం, కొత్తిమీర, సన్న పచ్చిమిర్చి, చింతపండు అక్కడ దొరుకుతాయి. మీరు చెప్పాల్సింది అది.

నవ్వు ఎక్కడ పుట్టాలంటే, వినేవాడికి రేపు పనికొచ్చే చోట. సూట్‌కేసుతో మొదలుపెట్టండి. స్టేజీ మీద నిజం సూట్‌కేసే తెరిచి ఒక్కొక్కటి తీయండి. సకినాలు పోతాయి, మామిడికాయ పచ్చడి పోతుంది. నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం పోవు. యూరప్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం. కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకుకైతే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు, ఎండబెట్టి పొడి కొట్టుకుని పోవాలి. అమ్మ ప్రేమగా కట్టిన కోడి పచ్చడి డబ్బా పక్కకు పెడుతుంటే హాలంతా నవ్వుతుంది, ఆ రూలు మాత్రం ఒక్కరూ మర్చిపోరు.

తర్వాత పోపు. హాస్టల్ వంటింట్లో ఎండుమిర్చి మాడిందా, పొగ అలారం మోగుతుంది. అది ఫైర్ స్టేషన్‌కు కలిపి ఉన్న బిల్డింగైతే బండే వస్తుంది, ఆ ఖర్చు మోగించినవాళ్ల మీద పడొచ్చు. కిటికీ తెరిచి, కారిడార్ వైపు తలుపు మూసి, చిన్న మంట మీద మూతపెట్టి పోపు వేయాలి. ఘాటు భరించలేక చాలామంది తలుపు తెరుస్తారు, పొగ కారిడార్‌లోకి పోయి అక్కడి అలారం కూడా మోగుతుంది. ఇది చేసి చూపిస్తేనే బాగుంటుంది.

ప్రతి నవ్వు వెనకా ఒక అంకె ఉండాలి. 2024 సెప్టెంబరు నుంచి వీసాకు చూపాల్సిన బ్లాక్డ్ అకౌంట్ (ముందే డబ్బు వేసి ఉంచాల్సిన బ్యాంకు ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు. యూరో వంద రూపాయలనుకున్నా దాదాపు 12 లక్షలు. ఇది ఫీజు కాదు. అక్కడికి పోయాక నెలకు 992 యూరోల చొప్పున మన చేతికే వస్తుంది. అందులోంచే అద్దె, తిండి, ఆరోగ్య బీమా. విద్యార్థి బీమానే నెలకు 140 యూరోలు దాటుతుంది, ఆ రేటు కూడా 30 ఏళ్లు నిండేవరకే. మన చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18,000 రూపాయలు. మన దేశంలో 2022 నవంబరు నుంచి వీసాకు ఇది తప్పనిసరి. (వియత్నాం పిల్లలకూ ఏపీఎస్ తిప్పలుంది, ఆ స్లయిడ్ మాత్రం స్నేహితురాలి దగ్గర నిర్భయంగా తీసుకోండి.) చదువుకుంటూ ఏడాదిలో 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. కానీ జర్మన్ రాకపోతే చిన్న ఊళ్లో పని దొరకడం కష్టం. ఇది మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

'జర్మనీలో చదువు ఫ్రీ' అని ఊరికే అనేయకండి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో 2024 శీతాకాలపు సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోల దాకా. మీ కోర్సు సంగతి కోర్సు పేజీ నుంచే స్క్రీన్ మీద చూపించండి.

మీరొచ్చేది ఆగస్టులో కదా, అప్పటికి ఆ ఏటి శీతాకాలపు అడ్మిషన్ల గడువు, చాలాచోట్ల జులై 15, దాటిపోతుంది. కాబట్టి ఫైనలియర్‌లోకి వచ్చినవాళ్లను పిలవండి, వాళ్ల చేతిలో ఏడాది ఉంటుంది. దసరా లోపు ఐఈఎల్‌టీఎస్, సంక్రాంతి లోపు ఏపీఎస్ పనులు పెట్టుకోమని చెప్పండి. స్లయిడ్లు పన్నెండుకు మించొద్దు. ఇరవై నిమిషాలు మాట్లాడి, నలభై నిమిషాలు ప్రశ్నలకు వదలండి.

వీసా రాని వాళ్ల మీద, బ్యాక్‌లాగుల మీద, ఇంగ్లిష్ రాని వాళ్ల మీద జోకులు వద్దు. ముందు వరుసలో నవ్వేవాడుంటే వెనక వరుసలో తలదించుకునే పిల్ల ఉంటుంది, ఆమెనే మీరు పిలవడానికి వచ్చింది. ఒక్క మాట మాత్రం నవ్వు లేకుండా చెప్పండి: చాలా కోర్సుల్లో ఒకే పరీక్ష మూడుసార్లు తప్పితే ఆ కోర్సు అక్కడితో ముగిసినట్టే.

ప్రశ్న: సీనియర్ నవ్వుకుంట చెప్పిన మాటలు విని మావోడు జర్మనీకే పోతనంటున్నడు. సీజీపీఏ 7.6. నమ్మొచ్చా?
– ఒక తండ్రి, హుజూరాబాద్

జవాబు: నమ్మండి, కానీ కాగితం మీద సరిచూసుకోండి. మీవాడి మెమో వెనక కనీస పాస్ పాయింటు ఎంతో చూడండి. జర్మన్ మార్కులోకి మార్చే లెక్క ఇది: పదిలోంచి 7.6 తీసేస్తే 2.4. దాన్ని మూడుతో గుణించి, పదికీ పాస్ పాయింటుకూ ఉన్న తేడాతో భాగించి, ఒకటి కలపాలి. పాస్ 4 అయితే 2.2 వస్తుంది, 5 అయితే 2.44. అక్కడ అంకె తగ్గేకొద్దీ మంచి మార్కు. కోర్సు 2.5 అడిగితే రెండు లెక్కల్లోనూ దరఖాస్తు పెట్టొచ్చు, 2.3 అడిగితే రెండో లెక్కలో కుదరదు. యూని-అసిస్ట్ (చాలా యూనివర్సిటీల తరఫున విదేశీ దరఖాస్తులు పరిశీలించే సంస్థ) ద్వారా తీసుకునే యూనివర్సిటీలైతే మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాత ఒక్కోదానికి 30. అందుకే ఇరవై చోట్ల పెట్టడం కన్నా సబ్జెక్టులు సరిపోయే ఆరేడు మేలు. బీటెక్ సబ్జెక్టుల క్రెడిట్లు కోర్సు అడిగిన వాటితో సరిపోకే చాలా దరఖాస్తులు తిరిగొస్తాయి, మార్కులు తక్కువై కాదు.

కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉంటే రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యానిధి చూడండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇస్తారు, జర్మనీ ఆ జాబితాలో ఉంది. దరఖాస్తు ఈ-పాస్ వెబ్‌సైట్‌లోనే.

ప్రశ్న: జూనియర్లను చేర్పిస్తే తలకింత ఇస్తామని ఒక ఏజెంటు అంటున్నాడు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: వద్దమ్మా. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీలు సాధారణంగా కమీషన్లు ఇవ్వవు. ఇచ్చేవి ఎక్కువగా ప్రైవేటు కాలేజీలు, వాటి ఫీజు ఏడాదికి 10,000 యూరోలు దాటడం మామూలే. మీ కమీషన్ ఆ జూనియర్ నాన్న తెచ్చిన అప్పులోంచే వస్తుంది. ఇప్పటికే ఎవరికైనా ఆ కాలేజీ పేరు చెప్పి ఉంటే, ఫీజు కట్టకముందే ఫోన్ చేసి డబ్బు సంగతి చెప్పేయండి.