పింగ్ వెళ్తోంది, క్లస్టర్ సింక్ మాత్రం మధ్యలో ఆగుతోంది: ఎంటీయూ చూడండి

వేర్వేరు హోస్టుల్లో (ఫిజికల్ సర్వర్లలో) ఉన్న క్లస్టర్ నోడ్ల మధ్య పింగ్ వెళ్తోంది, డేటా సింక్ మాత్రం ఆగిపోతోందని అడిగారు కదా. ఇది ఎక్కువగా ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠంగా ఎన్ని బైట్లు ఉండొచ్చనే పరిమితి) తేడా. నోడ్‌గా వాడే వీఎంలో (వర్చువల్ మెషీన్‌లో) 9000 పెట్టానన్నారు, కానీ దారిలో ఎక్కడో ఇంకా 1500 ఉండి ఉంటుంది. మామూలు పింగ్ చిన్న ప్యాకెట్ కాబట్టి దూరిపోతుంది. డేటా సింక్ మొదలయ్యేసరికి పెద్ద ఫ్రేములు వస్తాయి, స్విచ్ వాటిని చప్పుడు చేయకుండా పడేస్తుంది. ఎర్రర్ కూడా రాదు.

రెండు నోడ్లు ఒకే హోస్ట్‌లో ఉంటే బాగానే పనిచేస్తోందన్నారు కదా, అసలు ఆధారం అదే. అప్పుడు ట్రాఫిక్ బయటి స్విచ్ దాకా వెళ్లదు.

1. వేరే హోస్ట్‌లో ఉన్న నోడ్‌కి పింగ్ చేయండి, సైజు 8972. ఐపీ, ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) హెడర్లకు 28 బైట్లు పోతాయి, అందుకే 9000 ఇవ్వకూడదు.

2. చాలామంది మర్చిపోయేది ఇదే: "ముక్కలు చేయొద్దు" అనే ఆప్షన్ తప్పనిసరి. అది లేకపోతే, వీఎంలోనో దారిలోని రౌటర్‌లోనో 1500 ఉన్నప్పుడు ప్యాకెట్ ముక్కలై చేరిపోవచ్చు, అంతా బాగుందనిపిస్తుంది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా పాత ఆఫీసులో ఈ ఒక్క ఆప్షన్ పెట్టక రెండు రాత్రులు జాగారం చేశాను.

3. 8972 వెళ్లక, 1472 (1500లో ఆ 28 తీసేస్తే వచ్చేది) వెళ్తే అనుమానం తీరినట్టే. హోస్ట్ లోపలి వర్చువల్ స్విచ్ అయిన వీస్విచ్ చూడండి (వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్ట్ అయితే డిఫాల్ట్ 1500), తర్వాత ఫిజికల్ స్విచ్ పోర్టులు. నెట్‌వర్క్ టీమ్ "మా వైపు ఓకే" అంటే కాన్ఫిగ్ చూపించమనండి.

4. ఈ రాత్రికి సర్వీస్ నిలబడాలంటే అన్ని నోడ్లలోనూ 1500కి దించేయండి. 9000 సంగతి తీరిగ్గా చూడొచ్చు.